ఒక్క మాటేగా

ఏడు రకాల బిస్కెట్లు లేనిదే కాఫీ పెట్టకూడదని అత్తగారు గున్‌వోర్ నియమం. అందుకని తన పీహెచ్‌డీ పుస్తకాన్ని యూనివర్సిటీ బోర్డుకి మేకు కొట్టే రోజున కూడా యిల్వా పొద్దున్నే పిండి కలుపుతోంది. గోథెన్‌బర్గ్‌లో అలా మేకు కొట్టడం ఆచారం. మేకు పడ్డాక పుస్తకంలో అక్షరం మార్చడానికి వీల్లేదు. తప్పులుంటే ఈలోపే సవరణ చీటీ ఒకటి లోపల పెట్టుకోవాలి.

ఆ చీటీ ఆమె గైడు ప్రొఫెసర్ స్టూరె నిన్ననే తయారుచేసి చేతికిచ్చాడు. యిల్వా ఆరేళ్ళు పనిచేసింది ఒక వింత ద్రవం మీద. అది పొరలుపొరలుగా సర్దుకుంటుంది. పొరలు ఎంతైనా వంగుతాయి గానీ పొరకీ పొరకీ మధ్య దూరం మాత్రం తగ్గనివ్వవు, పెరగనివ్వవు. వంగిన పొరలు నిలవవని, రెండ్రోజుల్లో చదునైపోతాయని స్టూరె మొదట్నుంచీ అంటున్నాడు. మైక్రోస్కోపు కింద యిల్వా పెట్టిన చుక్క పద్నాలుగు నెలలుగా చెక్కుచెదరలేదు. అయినా చీటీలో 'స్థిరం' తీసేసి 'కొంతకాలం స్థిరంగా కనబడవచ్చు' అని వేయాలట. చూడమ్మా, ఒక్క మాటేగా, అన్నాడు.

మొగుడు హెన్రిక్ కూడా సోఫాలోంచి అదే అన్నాడు. అతనివన్నీ 'ఒక్కటేగా'లే. పిల్లాడికి జ్వరం, ఒక్క రోజేగా, నువ్వే ఉండు. ఒక్క సదస్సేగా, మానెయ్. అమ్మ ఫ్లాట్లో నీళ్ళ గొట్టాలు మారుస్తున్నారు, ఒక్క వారమేగా, మనింట్లో ఉంటుంది. ఆ వారానికి మొన్నటితో ఐదు నెలలు నిండాయి. వంగడం తనకి రాదా, ఆ ఇంట్లో అందరికంటే బాగా వచ్చు. కానీ గాజుపలక మీద చుక్కకున్న పట్టుదల కూడా తనకి లేకపోయిందే అని యిల్వాకి సిగ్గేసింది, పిండిచేతులతోనే నవ్వుకుంది.

మధ్యాహ్నం బోర్డు దగ్గర అందరూ చేరారు. అత్తగారు పళ్ళెంలో బిస్కెట్ల రకాలు లెక్కపెట్టి, ఆరే ఉన్నాయని హెన్రిక్ చెవిలో చెప్పింది. స్టూరె చెయ్యి చాపాడు.

"సుత్తి ఇలా ఇవ్వమ్మా, వేలు చితగ్గొట్టుకుంటావు."

కొట్టాడు. మేకు వంగింది. ఇంకోటి తీశాడు, అదీ వంగింది. జనం మర్యాదగా కాఫీ కప్పుల్లోకి చూశారు. యిల్వా సుత్తి తీసుకుని మూడు దెబ్బల్లో దిగ్గొట్టింది. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి.

"చీటీ పెట్టలేదేం?"

యిల్వా జేబులోంచి చీటీ తీసి ఒక మేకుతో సహా ఆయన చేతిలో పెట్టింది.

"పెట్టలేదండీ. అనుమానం మీది కదా, కింద సంతకం చేసి మీరే కొట్టుకోండి. పక్కన చోటుంది."