సిలువ లేని డైమండు

"అయితే ఈ ఆదివారం కూడా కిందే కూసుని తినమంటావ్," అన్నాడు జాన్‌బాబు, కోనాం చేప పులుసు గిన్నెను రెండు చేతులతో పట్టుకుని.

గిన్నె పెట్టడానికి బల్ల మీద చోటు లేదు. లాప్‌టాప్, దాని వైరు, అచ్చు తీసిన కాగితాల బొత్తి, వాటి మీద కూతురు స్టెఫీ కళ్ళజోడు పెట్టె. చర్చి నుంచి వచ్చీరాగానే చీరైనా మార్చుకోకుండా ప్రసన్నకుమారి అక్కడ కూర్చుంది, ఇంతవరకూ లేవలేదు.

"ఒక్క నిమిషం అండీ. ఇది సేవ్ అవ్వట్లేదు."

"నీ ఒక్క నిమిషం నాకు తెల్సు. నెల్లాళ్ళ నుంచి అదే నిమిషం నడస్తంది. అవతల నాకు సెకండ్ షిఫ్టు ఉంది. బల్ల తినడానికి కొన్నామా, బొమ్మలు గీయడానికి కొన్నామా?"

"ఆఫీసులో గీయనిస్తే కదా! అక్కడ ఫోన్లు ఎత్తడానికే సరిపోతంది."

"ఎవరో ఒకరు బేగి ఓడిపోండర్రా," అంది జాన్‌బాబు తల్లి పుష్పకుమారి, కుర్చీలోంచి కదలకుండా. "నా మోకాళ్ళు కిందకి వంగవు. పులుసు సల్లారిపోతంది."

భార్యాభర్తలిద్దరూ పోర్టు దగ్గర ఒకే కంటైనర్ యార్డులో పని చేస్తారు. ఆమె ఆఫీసులో, అతను కూలీల గ్యాంగుకి సూపర్‌వైజరు. ఈ ఏడాది హెడ్డాఫీసు నుంచి ఒక హుకుం వచ్చింది. యార్డులో జరిగే ప్రతి పనినీ, ప్రపంచమంతటా వాడే ఒకే పద్ధతిలో బొమ్మగా గీసి పంపాలి. మొదలుకి సున్నా, పనికి డబ్బా, దారి చీలినా కలిసినా డైమండు. ఆ పని ప్రసన్న నెత్తిన పడింది.

గీయడం కష్టం కాదు. కష్టమంతా సాఫ్ట్‌వేరుతోనే. ఒక గీతను పక్కకి జరిపితే మిగతావన్నీ చెల్లాచెదురవుతాయి. తప్పు ఉందని ఎర్ర అక్షరాల్లో చెబుతుంది, ఎక్కడుందో చెప్పదు. దానితో వచ్చిన పుస్తకం తెరిస్తే, డైమండు సంగతి గీతల అధ్యాయంలో చూడమంటుంది. గీతల అధ్యాయానికి వెళితే, డైమండు గురించి ముందే చెప్పాం కదా అంటుంది. ఒక్క మాట మాత్రం మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో ఉంది: ఇందులో గీసిన బొమ్మ ఏ సాఫ్ట్‌వేరులో తెరిచినా ఇలాగే కనిపిస్తుంది.

చివరికి ప్రసన్నే ఓడిపోయింది. లాప్‌టాప్ తీసి కుట్టుమిషను మీద పెట్టింది. పుష్పకుమారి కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. గెలిచిన హుషారులో జాన్‌బాబు, తల్లి కంచంలో పెద్ద ముక్క వేసి, తనలో తనే నవ్వుకున్నాడు.

"నిన్న మా నాగబాబుగాడి తమాషా సెప్పలేదు కదూ. దుంగల కంటైనర్లోకి దిగినాడు. దిగినోడు దిగినట్టే తూలుకుంటా బయటికొచ్చి సిమెంటు మీద కూలబడ్డాడు. పొద్దున్నే ఏసీసినాడని ఒకటే నవ్వులు. 'ఒట్టు బావా, సుక్క ముట్టలేదు' అంటాడు. కళ్ళు సూత్తే సింతనిప్పులు."

స్టెఫీ కిలకిలా నవ్వింది. ప్రసన్న నవ్వలేదు. విదేశాల నుంచి వచ్చే కలపలో పురుగు చావడానికి కంటైనరు మూసి మందు పట్టిస్తారు. పీలిస్తే మనిషినీ చంపగల వాయువది. ఫ్యానుతో దాన్ని బయటికి తోలి, లోపల ఎంత మిగిలిందో మీటరుతో చూశాకే మనిషి దిగాలి.

"మందు పట్టించిన దుంగలేనా?"

"ఆఁ, అవే."

"మీటరు ఎంత సూపించింది?"

"మీటరోడు ఎక్కడో అవతల బ్లాకులో ఉన్నాడు. ఫ్యాను నడిపేం కదా."

"మీటరు పెట్టకుండా మనిషిని దింపేరా?"

"ఏటే అలా సూత్తావ్? ఫ్యానో మీటరో, ఏదో ఒకటి సాలని నీ బొమ్మలోనే ఉంది కదా!"

ప్రసన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"నా బొమ్మలో రెండూ కావాలని ఉంది. డైమండులో సిలువ పెట్టేను."

"సిలువా లేదు, ఏటీ లేదు. ఖాళీ డైమండు. ఇదిగో, యార్డు గోడకి కట్టినప్పుడు ఫొటో తీసేను, సూడు."

స్టెఫీ ఫోను అందుకుని బొమ్మను పెద్దది చేసింది. "అవును మమ్మీ. లోపల ఏటీ లేదు."

కిందటి నెల యార్డు క్యాంటీనులో గ్యాంగులన్నిటికీ ఆ గుర్తులు నేర్పింది ప్రసన్నే. కూడిక గుర్తును చూడగానే వాళ్ళు సిలువ అని పేరు పెట్టేశారు, ఆమెకీ అదే అలవాటైంది. సిలువ ఉంటే రెండు పనులూ పూర్తవ్వాలి, ఇంటూ మార్కు ఉంటే ఏదో ఒకటి చాలు అని చెప్పింది. "మరి ఏటీ లేకపోతే అక్కా?" అని వెనక బెంచీ నుంచి అడిగింది ఈ నాగబాబే. ఆమె పుస్తకం తిరగేసి మరీ జవాబు చెప్పింది. ఏమీ లేకపోతే ఇంటూ ఉన్నట్టే లెక్క. పద్ధతిలో నిజంగా అలాగే ఉంది. ఆ సాయంత్రమే, కొత్త బొమ్మలకి చోటు కోసం, 'ఫ్యాను నడిపి, మీటరు చూసి, అప్పుడు దిగాలి' అని తెలుగులో రాసి ఉన్న పాత రేకు బోర్డును దగ్గరుండి విప్పించింది.

ఎంగిలి చేత్తోనే లేచి లాప్‌టాప్ తెరిచింది. తను గీసిన బొమ్మలో సిలువ ఉంది. నల్లగా, స్పష్టంగా. ఇదే ఫైలు హెడ్డాఫీసుకి వెళ్ళింది. అక్కడ వాళ్ళ సాఫ్ట్‌వేరులో తెరిచి, అచ్చు వేసి, ప్లాస్టిక్ తొడుగు వేయించి పంపారు. దారిలో సిలువ రాలిపోయింది. తొడుగుల మెరుపు చూసి ముచ్చటపడిందే కానీ, డైమండు లోపలికి ఆమె కూడా తొంగి చూడలేదు.

పుస్తకం చిట్టచివర, కంపెనీ చిరునామా పైన, చిన్న అక్షరాల్లో ఉంది: కొన్ని గుర్తులు కొన్ని సాఫ్ట్‌వేర్లలో కనిపించకపోవచ్చు.

ఆ వాక్యాన్ని ఆమె మళ్ళీ చదివింది.

"నాగబాబుకి ఫోన్ చెయ్యండి."

ఎత్తింది అతని భార్య దేవి. జాన్‌బాబు స్పీకరు పెట్టాడు. "రాత్రంతా వాంతులన్నయ్యా. తలపోటని లెగట్లేదు. పైత్యమనుకుని నిమ్మరసం పట్టేను."

"దేవీ, నాను ప్రసన్నని," ఆమె ఫోను లాక్కుంది. "నిమ్మరసం కాదు. ఇప్పుడే ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళు. కంటైనర్ మందు పీల్చాడని డాక్టరుకి ముందే చెప్పు. ఆ మాట మర్చిపోకు."

అవతల దేవి ఏడుపు మొదలైంది, లైను తెగిపోయింది. జాన్‌బాబు కంచం దూరంగా జరిపాడు. "మేం నవ్వేం ప్రసన్నా," అన్నాడు. "ఆడు కూలబడితే అందరం నవ్వేం."

"ఈవాళ షిఫ్టులో దుంగలున్నాయా?"

"మా వైపూ ఉన్నాయి, అవతల బ్లాకులోనూ ఉన్నాయి. మావోళ్ళని నాను ఆపుతాను. అవతలోళ్ళు నా మాటెందుకింటారు? ఆళ్ళ గోడ మీదా అదే బొమ్మ."

ఆమె మేనేజరు గుణశేఖర్‌కి ఫోన్ చేసింది. మొత్తం విన్నాక ఆయన గొంతు తగ్గించాడు.

"రేపు ఆడిట్ కదా, ప్రసన్న గారూ. గోడ మీద షీటు లేకపోతే రూలు పాటించలేదని రాస్తారు. ఆడిట్ అయిపోనివ్వండి, నెమ్మదిగా మారుద్దాం. ఈలోగా మీ ఆయనకి నోటిమాటగా చెప్పండి, చాలు."

"ఒక మనిషి ఆస్పత్రికి వెళ్తన్నాడు సార్."

"అందుకే చెప్తన్నాను. షీటు కింద ఉన్నది మీ పేరే. మీరే కదిపితే రేపు అందరూ మీ వైపే చూస్తారు. ఉద్యోగం సంగతి ఆలోచించుకోండి."

"సిలువ నేను పెట్టాను సార్."

"కాగితం మీద లేదు కదమ్మా," అని ఆయన పెట్టేశాడు.

కంచరపాలెం గేటు వైపు గూడ్సు బండి పోతోంది. పుష్పకుమారి కోడలి ముఖం చూసి, ఏమైందో సగమే అర్థమై, "ఏటమ్మా, ఏటంటన్నాడాయన?" అంది. స్టెఫీ ఇంకా ఆ ఫొటోనే చూస్తోంది, చూస్తూ ఉంటే సిలువ ఎక్కడో బయటపడుతుందన్నట్టు.

ప్రసన్న చెయ్యి కడుక్కుని వచ్చింది. కుట్టుమిషను సొరుగులోంచి కత్తెర తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. చర్చి చీర కొంగు నడుముకి దోపుకుని, గొంతు పెంచకుండా, ముగ్గురికీ వినబడేలా చెప్పింది.

"అత్తమ్మా, నాను మీ అబ్బాయితో యార్డుకి వెళ్తన్నాను. రెండు బ్లాకుల్లోనూ ఆ బొమ్మలన్నీ కోసి తీసేస్తాను. స్టోర్‌లో పాత రేకు బోర్డు ఉంది, దాన్ని మళ్ళీ కట్టిస్తాను. రేపు ఎవరడిగినా నానే తీసేనని చెప్తాను. ఆ తర్వాత ఉద్యోగం ఉండకపోవచ్చు, ముందే చెప్తన్నాను. స్టెఫీ, పులుసు మీద మూత పెట్టమ్మా. వచ్చి తింటాం."