వాల్యూం పెంచిన చెయ్యి

ఊళ్ళో ఏ పార్టీ సభ జరిగినా మైకు సెట్టు ఆ ఇద్దరిదే. పెద్దాయన ఆంప్లిఫయర్ ముందు కూర్చుంటే, చిన్నవాడు స్తంభాలెక్కి లౌడు స్పీకర్లు కట్టేవాడు. మతాలు వేరు. కొట్టు ఒక్కటే, మధ్యాహ్నం విప్పే క్యారియరూ ఒక్కటే. చిన్నవాడు నోరారా "అన్నా" అని పిలుస్తుంటే కొత్తవాళ్ళు వాళ్ళను తోడబుట్టినవాళ్ళే అనుకునేవారు.

దేశమంతటా ఎన్నికలొచ్చాయి. ప్రభుత్వాన్ని నడిపే నాయకుడు స్వయంగా ఆ ఊరొచ్చాడు. సభ మధ్యలో వేదిక పక్కనున్న స్పీకరు గరగరమంటే చిన్నవాడు స్తంభమెక్కి, ఊడిన వైరును చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

నాయకుడు రోడ్ల గురించి, కరెంటు గురించి చెప్పినంతసేపూ జనం ఆవులించారు. అప్పుడాయన గొంతు తగ్గించి, ఈ దేశం మనదన్నాడు. ఉద్యోగమైనా, ఇల్లయినా ముందు మన మతం వాళ్ళకేనన్నాడు. ఆయనదీ పెద్దాయనదీ ఒకే మతం. మిగతావాళ్ళు మనం వదిలిన దానితో సరిపెట్టుకోవాలన్నాడు.

వక్త గొంతు తగ్గితే వాల్యూం పెంచడం పెద్దాయనకు చేతికి పట్టిన అలవాటు. పెంచాడు. ఆ మాట మైదానం చివరిదాకా ఖంగున మోగింది, చప్పట్లు మిన్నంటాయి. ఇంట్లో ఖాళీగా ఉన్న కొడుకు గుర్తొచ్చి అతని మనసు కాస్త ఉబ్బిన మాట కూడా నిజమే. తలెత్తి చూస్తే, స్తంభం మీంచి చిన్నవాడు అతన్నే చూస్తున్నాడు. వైరు మాత్రం వదల్లేదు.

సభ ముగిశాక ఇద్దరూ వైర్లు చుట్టారు. చివరికి పెద్దాయనే ఉండబట్టలేకపోయాడు.

"అలవాటు కొద్దీ పెంచానురా. కావాలని కాదు."

"తెలుసన్నా. ఆయన ఇవాళొచ్చి రేపు పోయే మనిషి, ఆయన మాటకు నాకేం కాలేదు. కానీ పెంచేటప్పుడు నువ్వు నవ్వావు."

అది నిజమే; పెద్దాయన తల వంచుకుని ఆంప్లిఫయర్ పెట్టె మూసేశాడు.

చిన్నవాడు తన వాటా సామాను తీసుకుని వేరే ఊరు వెళ్ళిపోయాడు. నాయకుడు గెలిచాడు. పెద్దాయన కొడుకు ఉద్యోగం కోసం కాళ్ళరిగేలా తిరిగి, మళ్ళీ ఇంటి అరుగు మీదే కూర్చున్నాడు. ఇప్పుడు పెద్దాయన మధ్యాహ్నం క్యారియర్ విప్పి, సగం తిని మూత పెట్టేస్తాడు. మిగిలింది తినడానికి ఎవరూ రారని తెలిసినా, చెయ్యి ఆ అలవాటూ మానలేదు.

మతం చూసి పంచే ప్రభుత్వం ఏ మతం వాళ్ళ కడుపూ నింపదు. అది మనుషుల్ని విడదీస్తుంది, ఆ పని కూడా మన చేతులతోనే చేయిస్తుంది.