సోఫా పైన అమ్మ చెయ్యి

మైలీస్ కొత్తగా దిగిన ఫ్లాట్‌లో సోఫా పైన గోడకు పాతకాలపు సైకిల్ ప్రకటన వేలాడుతోంది. కాఫీకి పిలిస్తే వచ్చిన పక్కింటి సొలాంజ్ కప్పు కింద పెట్టి లేచి, దగ్గరికి వెళ్లి చూసింది.

"బావుంది కదండీ సొలాంజ్ గారూ? మా ఆయన జన్మలో సైకిలెక్కలేదు. గోడకి మాత్రం ఎక్కించాడు," అంది మైలీస్. "ఏ షాపులో చూసినా ఇదే. స్నానాలగదికని చిన్న సైజు కూడా ఉంది."

బొమ్మలో అమ్మాయి సైకిల్ మీద కొండ దిగుతోంది. ఒక చేత్తో టోపీ ఊపుతోంది. రెండో చెయ్యి హ్యాండిల్ మీద ఉంది. ఆ చేతి చిటికెనవేలు పక్కకి వంగి ఉంది. నూట ఇరవై ఏళ్ల కిందటి అసలు అచ్చులో ఆ వంకర లేదు.

ఫ్రాన్స్‌లోని సేంతెతియెన్ ఊళ్లో రెజిస్ నడిపే వర్క్‌షాపులో సొలాంజ్‌ది పాత పోస్టర్లను గుడ్డకు అతికించి బాగుచేసే పని. ఇరవై ఆరేళ్లుగా అక్కడే. నాలుగేళ్ల కిందట రెజిస్ ఈ పోస్టర్ తెచ్చేసరికి చెమ్మకు ఆ చెయ్యి మొత్తం పోయింది. అప్పుడు సొలాంజ్ తల్లి ఆస్పత్రిలో ఉంది. ఆ తల్లి చిటికెనవేలు ఒకప్పుడు రిబ్బన్ల మిల్లులో పనిచేస్తుండగా విరిగి, వంకరగా అతుక్కుంది. సొలాంజ్ మంచం పక్కన కూర్చుని ఆ చేతిని కాగితం మీద గీసుకుంది. తర్వాత పోస్టర్‌లో ఖాళీ ఉన్నచోట అదే చేతిని వేసింది.

"దీన్ని ఎవరికీ ఇవ్వను, ఎవరినీ ఫొటో తియ్యనివ్వను. నీ బల్ల ఎదురుగానే ఉంటుంది," అన్నాడు రెజిస్, ఆ వేలు ఎవరిదో గుర్తుపట్టి. పది రోజులకు తల్లి పోతే శవపేటిక మోసినవాళ్లలో అతనూ ఉన్నాడు.

మైలీస్ ఇంటి నుంచి సొలాంజ్ నేరుగా వర్క్‌షాపుకు వెళ్లింది.

"ఫొటో ఎవరు తీశారు?"

"దేనిది?" అన్నాడు రెజిస్ తల ఎత్తకుండా.

"నన్నడుగుతున్నావా?"

"ఓ, అదా. కాపీలు అచ్చేసి అమ్మే కంపెనీ వాళ్లు నలభై సైకిల్ పోస్టర్లు అడిగారు. నా దగ్గర ముప్పై తొమ్మిదే ఉన్నాయి."

"అందుకని మా అమ్మని కలిపావా?"

"ఆ వేలు ఎవరిదో కొనేవాళ్లకేం తెలుస్తుందే?"

"నీకు తెలుసు కదా."

"మీ అమ్మ బతికుంటే నవ్వేసేది."

"ఆవిడ నవ్వు సంగతి నువ్వు చెప్పకు."

బాగుచేసేవాళ్లు వేసిన రంగు ఎప్పుడు తడి స్పాంజితో తుడిచినా పోవాలి. ఆ పనిలో అది నియమం. అసలుది ఎంతవరకో తర్వాతివాళ్లకు తెలియాలి. సొలాంజ్ తన బల్ల ఎదురుగా ఉన్న అసలు పోస్టర్‌ను దించి బల్ల మీద పరిచి, స్పాంజి తడిపింది.

"ఏయ్, ఆగు! సోమవారం కొన్నవాళ్లు దాన్ని తీసుకెళ్లడానికి వస్తున్నారే!"

ఆమెకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. మణికట్టు తుడిచింది. వేళ్లు తుడిచింది. చిటికెనవేలు దగ్గర కాసేపు ఆగి, అదీ తుడిచింది. కింద ఉన్న కాగితం తెల్లగా బయటపడింది.

"మరి జనం ఇళ్లల్లో ఉన్నవో?" అన్నాడు రెజిస్. "ఇల్లిల్లూ తిరిగి తుడుస్తావా?"

సొలాంజ్ స్పాంజిని తొట్టిలో పిండింది. నీళ్లు గులాబి రంగులో కారాయి.