పుట్టినవాళ్ళ పేజీ

1994 ఏప్రిల్ 26, మంగళవారం, సాయంత్రం నాలుగున్నర. డార్నల్ చక్కెర మిల్లు కూత అప్పుడే ఆగింది. అంబీ రోజూ ఆ వేళకి చేసే పనే చేసింది. కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకుని, అత్తగారి వేదపుస్తకం, అదే తెలుగు బైబిలు, తెరిచింది.

ఆ పుస్తకం మొదటి ఆకు పుట్టినవాళ్ళ పేజీ. ఆ ఇంట్లో ఎవరైనా పుట్టబోయే ముందురోజు వాళ్ళ పేరు దానంతటదే అందులో పడుతుంది. తడి ఆరకుండా పుస్తకం మూయకూడదు. ఒకసారి మూశారు, అందుకే సిరిల్ పేరు పక్కన మరక.

ఇవాళ అడుగున కొత్త పేరు, తడితడిగా. అంబీ మూడుసార్లు చదివింది.

"సిరిల్, ఓపాలి ఇటు రా."

పెట్టెలకి తాళ్ళు కడుతున్న కొడుకు వచ్చాడు, వెనకే కోడలు కోగీ. ఇద్దరికీ తెలుగు చదవడం రాదు. తడి చూసి సిరిల్ పెళ్ళాం వైపు తిరిగాడు.

"నన్ను చూడకు! నాకు నలభై మూడేళ్ళు!" అంది కోగీ.

"వేదపుస్తకంలో శారమ్మ తొంభయ్యో ఏట కనలేదా?"

"ఐతే ఆమె ముసలి మొగుణ్ణీ తెచ్చుకో!"

సిరిల్ నవ్వి, "పేరేటి రాసుంది మా?" అన్నాడు.

"కళ్ళు ఆనడం లేదురా," అని అంబీ అబద్ధమాడింది.

పెరట్లో నోంవుల తాడు మీది బట్టలు తీస్తోంది. పంతొమ్మిదేళ్ళుగా వెనక గదిలో ఉంటూ ఈ ఇంటి పనంతా చేసే నల్లజాతి మనిషి. ఆమెకంటూ ఒక రేకు పళ్ళెం, నీలం అంచు మగ్గు. మగ్గు వెనక మెట్ల పక్క మేకుకి వేలాడుతుంది. శనివారం ఈ ఇల్లు ఖాళీ చేసి అందరూ మెరీబ్యాంక్‌లో రెండు గదుల్లోకి పోవాలి. "నీకు చోటు లేదు, వేరే ఎక్కడైనా చూసుకో," అని సిరిల్ పోయినవారమే ఆమెకి చెప్పాడు. ఆమె ఊళ్ళో ఇల్లు పార్టీల కొట్లాటలో తగలబడిపోయింది. చూసుకోవడానికి ఏమీ లేదు. అయినా ఆమె సరే అంది.

పెరట్లో ఉన్న నలభై ఏళ్ళ మనిషి రేపు పుట్టడమేమిటి? పుస్తకం ముసలిదైపోయి తప్పు రాసిందా? పాస్టర్ మోరిస్ ఆదివారం చెప్పింది అంబీకి గుర్తొచ్చింది. దేవుడు లోకం పుట్టకముందే ఒక సంగతి మనసులో దాచుకున్నాడట. బయటివాళ్ళు కూడా ఇంటివాళ్ళేనన్న సంగతి, క్రీస్తు వచ్చాక గానీ బయటపెట్టలేదట. ఎన్నిసార్లు విన్నా, ఆ బయటివాళ్ళం మనమే, లోపలికి వచ్చేశాం, ఇక పని అయిపోయింది అనే అనుకుందామె.

వేలు పేజీ మీద పైకి పాకింది. మరిది పేరు కింద, సిరిల్ పేరు పైన: అంబీ.

పదిహేడేళ్ళప్పుడు ఎస్ట్‌కోర్ట్ నుంచి కోడలిగా వచ్చింది. అరవపిల్ల అని అత్తగారు నెల్లాళ్ళు బల్ల దగ్గరికి రానివ్వలేదు, వంటింట్లో పీట మీదే తినమంది. ఒక పొద్దున ఏమీ చెప్పకుండా తన పక్కనే కంచం పెట్టింది. తర్వాత ఈ పుస్తకంతోనే తెలుగు నేర్పింది. తన పేరు మాత్రం అత్తగారే రాసిందని అంబీ ఇన్నేళ్ళూ అనుకుంది.

అత్తగారికి చదవడం వచ్చు. రాయడం రాదు. చచ్చేదాకా వేలిముద్రే.

"నోంవుల అని రాసుంది," అంది అంబీ.

"ఏ నోంవుల?"

"మనకి తెలిసింది ఒక్కతే గదరా."

"రెండు గదులు మా! ఎక్కడ పెడతాం?"

"నా గదిలో."

"నాకేం అర్థం కావట్లేదు."

"నాకూ కాలేదురా. తడి ఆరనీ."

మర్నాడు పొద్దున్నే, జీవితంలో మొదటిసారి ఓటు లైనుకి బయల్దేరే ముందు, నోంవుల వెనక మెట్లెక్కి మేకు తడిమింది. మగ్గు లేదు. లోపల బల్ల దగ్గర అంబీ అందులో టీ తాగుతోంది. పక్కన సాసరు మీద కప్పులో ఇంకో టీ పొగలు కక్కుతోంది.

"గోగో, అది నాది," అంది నోంవుల. గోగో అంటే ఆమె భాషలో అవ్వ.

"తెలుసే. నీది అక్కడుంది. కూచో."

నోంవుల కాసేపు గుమ్మంలోనే నిలబడింది. కోగీ కుర్చీ లాగింది.

"శనివారం నీ మూట కూడా లారీలో వేసెయ్," అన్నాడు సిరిల్, ఆమె వైపు చూడకుండా. నిన్న కట్టిన పెట్టె తాడు విప్పి, కాగితాల్లోంచి ఇంకో ప్లేటు తీశాడు.