పొలిమేర రాయి మీద ఒట్టు

శశికాంత్ ఉద్యోగం పోయి డెబ్భై రోజులైంది. జర్మనీకి బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద వచ్చినవాడికి ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చిన గడువు మూడు నెలలు. ఆపైన దేశం విడిచి పొమ్మంటారు. ఈ సంగతి భార్య ప్రవీణకు చెప్పే ధైర్యం లేక, రోజూ బ్యాగు తగిలించుకుని ఇంగోల్‌స్టాట్ రైలెక్కి, అక్కడ లైబ్రరీలో కూర్చుని సాయంత్రానికి ఇల్లు చేరుతున్నాడు. జీతం లేదు గానీ, అబద్ధానికి చేసే చాకిరీ అసలు ఉద్యోగంకంటే ఎక్కువే.

ఆ శనివారం కూతురు ఈషా బడివాళ్లు పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ పాత ఊరు చూపించడానికి తీసుకెళ్లారు. పొద్దువాలేసరికి గైడ్ ముసలమ్మ అందరినీ ఊరి చివర నాచుపట్టిన పొలిమేర రాయి దగ్గర ఆపింది. రాయి మీద తెగిన చెయ్యి చెక్కి ఉంది. వందల ఏళ్ల కిందట తప్పు చేసినవాణ్ణి ఇక్కడిదాకా తోలుకొచ్చి, రాయి మీద చెయ్యి పెట్టించి, మళ్లీ రానని ఒట్టు వేయించేవారట. ఒట్టు తప్పి తిరిగొస్తే ఆ చెయ్యే నరికేవారట.

"ఇప్పుడెవరు ఒట్టేస్తారు?" అంది ముసలమ్మ నవ్వుతూ.

శశికాంత్ రాయి దగ్గర్నుంచి ఒకడుగు వెనక్కి వేశాడు. దీపాలు పెట్టే వేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారని వాళ్లమ్మ అశుభం మాట నోట రానిచ్చేది కాదు. ఇంజనీరింగ్ చదువు ఆ భయాన్ని ఇసుమంతైనా కడగలేదు.

అంతలో ఈషా ముందుకురికి రాయి మీద చెయ్యి పెట్టింది. ఊరు విడిచి పోతాను, మళ్లీ రాను అని ముసలమ్మ చెప్పినట్టే జర్మన్‌లో గట్టిగా అనేసి, రాయి దాటి అవతల నిలబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఈషా! ఆ మాట అనకు!"

శశికాంత్ అరుపుకి చప్పట్లు ఆగిపోయాయి. ప్రవీణ అతని చెయ్యి పట్టుకుంది.

"ఏమైంది నీకు? పిల్ల ఆడుకుంటుంటే గట్ల ఒర్రుతున్నవ్?"

ఇన్నాళ్లూ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నవాడు ఇక ఓర్చుకోలేకపోయాడు. "నా జాబ్ పోయింది ప్రవీణా. ఇంక ఇరవై రోజులే ఉన్నయి. తర్వాత మనల్ని పంపించేస్తరు."

ప్రవీణ ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. తిట్టలేదు, ఏడవలేదు. అది చూసి అతనికి ఇంకా భయమేసింది. ఆమె కూతురివైపు చెయ్యి చాపింది.

"దా బిడ్డా. ఇంటికి పోదాం."

ఈషా రాయికి అవతలే నిలబడి తల అడ్డంగా ఊపింది.

"నైన్ మమ్మీ. ఒట్టేసిన కదా, రావద్దు."