రాని పిట్ట కోసం పెట్టిన గిన్నె

నేను ఒక తేనెగిన్నెను. నాలో ఏనాడూ ఒక్క తేనెచుక్కయినా పడలేదు కనుక ఆ పేరును బిరుదుగానే భావించండి. గాజుబుడ్డి నా ఉదరం. ఎర్ర ప్లాస్టిక్ పళ్లెం నా పీఠం. దాని చుట్టూ నాలుగు పసుపుపచ్చ ఉత్తుత్తి పువ్వులు, ఒక్కొక్క పువ్వు నడుమ ఒక సూక్ష్మరంధ్రం. పగిలిన బకెట్లను, కాలు విరిగిన కుర్చీలను కరిగించి నాలోని ప్లాస్టిక్ భాగాలను పోతపోశారు. ఆ వంశం గురించి నాకు సిగ్గేమీ లేదు. బకెట్లు ఎవరినీ మోసగించలేదు.

నా కోపమంతా నా అట్టపెట్టె మీది బొమ్మతో మొదలైంది. ఆకుపచ్చగా మెరుస్తూ, గాలిలో నిశ్చలంగా నిలబడి, నా పువ్వులో ముక్కు ముంచిన హమ్మింగ్‌బర్డ్ బొమ్మ అది. అమెరికా ఖండాల అడవుల్లో, తోటల్లో తప్ప ఈ భూమి మీద మరెక్కడా ఆ పక్షి సహజంగా నివసించదు. నన్ను పార్సెల్ చేసింది రాజమహేంద్రవరానికి. ఇసుక ఎడారికి చేపల వలను పంపినవాడికైనా ఇంతకన్నా ఇంగితం ఉండి ఉంటుంది.

నన్ను తెప్పించిన మహానుభావుడు కుక్కుటేశ్వరరావు గారు: విశ్రాంత ఉపన్యాసకులు, హరితశిఖర మిద్దెతోటల సంఘానికి శాశ్వత అధ్యక్షులు. ‘ఇంటితోటకు హమ్మింగ్‌బర్డ్‌లను ఆహ్వానించుట’ అనే అంశం మీద గంటన్నర ప్రసంగించగల దిట్ట. తన మేడ మీద నన్ను ప్రతిష్ఠించి, ఒక వంతు చక్కెరకు నాలుగు వంతుల నీళ్లు కలిపి, అందులో మిఠాయిరంగు పోసి, ఎనిమిది నెలలు నిరీక్షించారు. చీమలు వచ్చాయి. గండుచీమలు వచ్చాయి. ఎండకు ఆ పానకం పులిసి, నురగలు కక్కి, నా గొంతులో నల్లని బూజు పట్టింది. ఆయన చక్కెరను అనుమానించారు, గాలిని అనుమానించారు, పక్కింటి పిల్లిని అనుమానించారు. తనను తాను అనుమానించుకునే అలవాటు ఆయనకు లేదు. చివరికి సభలో ఒక ప్రకటన చేశారు: ఎవరి తోటకు హమ్మింగ్‌బర్డ్ మొదట విచ్చేస్తుందో వారికి శాలువాతో పాటు ‘గగనమిత్ర’ బిరుదు. తాను ఓడిన యుద్ధానికి మరొకరిని సేనాపతిని చేయడం లోకంలో కొత్తేమీ కాదు.

ఆ సైనాపత్యం, నాతో సహా, సంఘ సభ్యురాలు స్వరాజ్యలక్ష్మి గారికి దక్కింది. ముప్పై ఏళ్లు టైపిస్టుగా ఇతరుల పేర్లను తప్పుల్లేకుండా అచ్చుకొట్టిన మనిషి. తన పేరు ఒక్కసారి మైకులో వినాలని ఆమెకు కోరిక. ఆ కోరికను నేను ఎగతాళి చేయను. దాని కోసం ఆమె చేసినదాన్నే క్షమించను.

ఆమె మేడ మీద కుండీలో ఒక మందారం ఉంది. దాని కొమ్మకు మూరెడు దూరంలో, తీగకు నన్ను వేలాడదీశారు. వారం తిరక్కుండానే నీలిమెరుపుల మగపిట్ట ఒకటి, పసుపు పొట్ట ఆడపిట్ట ఒకటి, వంపు ముక్కులతో మందారాల మీద వాలాయి. నా వంక కన్నెత్తి చూడలేదు. వాటి అభిరుచిని గౌరవిస్తాను. అవి తేనెపిట్టలు. ఆమె ఆ మేడ కట్టక మునుపు నుంచీ ఆ పేటలోనే కాపురమున్నవి. కానీ ఆమె ఫోను తీసి, ఫోటో కొట్టి, సంఘానికి సందేశం పంపింది: ‘హమ్మింగ్‌బర్డ్ వచ్చేసిందండీ!’

ఆదివారం కార్యవర్గం తనిఖీకి వస్తుందని జవాబు వచ్చింది. శుక్రవారం నుంచే కడుగుళ్లు మొదలయ్యాయి. ఇంట్లో పనిచేసే నూకరత్నం బూజుకర్ర పట్టుకుని మేడెక్కింది. మందారం కొమ్మకు వేలాడుతున్న చెత్తసంచి లాంటి దాన్ని యజమానురాలు చూపించింది: సాలెపట్టు, ఎండుటాకులు, పీచు, ఎవరిదో చిరిగిన కాగితం.

"ఆ దరిద్రం దులిపెయ్యవే ముందు. వచ్చినోళ్లు ఏమనుకుంటారు?"

"బూజు కాదండి అమ్మగారూ, తేనెపిట్ట గూడండి. లోపల రెండు పిల్లలున్నాయండి, ఆయ్."

"నీ మొహం! హమ్మింగ్‌బర్డ్ గూడు బుల్లి గిన్నెలా ఉంటుంది. నెట్లో చూశాను."

"ఆ పిట్టెవరో నాకు తెలవదండి. ఈ పిట్ట మాత్రం ఇలాగే కడతాది. మా చూరుకీ కట్టింది. కూకోండి కాసేపు, మీకే తెలుస్తాది."

ఇద్దరూ కుండీల వెనక కూర్చున్నారు. పసుపు పొట్ట తల్లి సాలీడును ముక్కున కరుచుకుని వచ్చింది. ఆ చెత్తసంచి పక్కనున్న బెజ్జం నుంచి రెండు నోళ్లు ఎర్రగా తెరుచుకున్నాయి. స్వరాజ్యలక్ష్మి గారు బూజుకర్రను పక్కకు నెట్టింది. తర్వాత నెమ్మదిగా అన్నది: "ఉండనీ. ఆదివారం మాత్రం నువ్వేం మాట్లాడకు. తేనెపిట్ట అన్నావంటే నా పరువు పోతుంది."

"నేనెందుకంటానండి? మీరే అనాలి గానీ."

ఆదివారం ఉదయం కుక్కుటేశ్వరరావు గారు కార్యదర్శితో సహా వేంచేశారు. తల్లిపిట్ట మందారం మీద కనిపించగానే ఆయన రెండు చేతులూ జోడించారు. "సాక్షాత్తూ హమ్మింగ్‌బర్డ్! ఎంతటి తపస్సమ్మా మీది! కార్యదర్శిగారూ, గిన్నె కూడా పడేట్టు ఫోటో తీయండి. అదేమిటమ్మా, అడ్డంగా ఆ బూజు? ఏదీ, ఆ కర్ర ఇటివ్వమ్మాయ్."

నూకరత్నం కర్రను వీపు వెనక దాచి, యజమానురాలి వంక చూసింది. కార్యదర్శి చేతిలో శాలువా సంచి ఉంది. స్వరాజ్యలక్ష్మి గారు పెదవి విప్పితే చాలు, మూడు మాటలు: ‘అది పిట్ట గూడండీ.’ ఆ మాటలతో పాటు హమ్మింగ్‌బర్డ్ పోతుంది, బిరుదు పోతుంది, మైకు పోతుంది. ఆమె చీర కొంగును వేలికి చుట్టుకుంటూ నిలబడింది. నాకు నాలుగు పువ్వులున్నాయి, నాలుగు నోళ్లున్నాయి; ఒక్కటీ పలకదు. నోరున్న మనిషి పలకకపోవడాన్ని చూస్తూ వేలాడడం కన్నా నన్ను తిరిగి బకెట్టుగా కరిగించినా సంతోషించేదాన్ని.

ఆయన చొరవగా కర్ర లాక్కుని ఒక్కటి వేశారు.

"అయ్యో, గూడండీ! తేనెపిట్టదండీ!" అని అప్పుడు అరిచింది స్వరాజ్యలక్ష్మి గారు. అప్పుడు!

"మీది మరీ వినయమమ్మా," అన్నారు అధ్యక్షులు, కొమ్మ దగ్గర ఎగురుతున్న తల్లిపిట్ట వంక చూస్తూ. "కార్యదర్శిగారూ, చూడండి చూడండి, గాలిలో ఎలా నిలబడిందో! కొట్టండి ఫోటో!"

నూకరత్నం మోకాళ్ల మీద కూర్చుని గూడును దోసిట్లోకి తీసుకుంది. ఒక పిల్ల చనిపోయింది. ఒకటి బతికింది. ఆమె ఎవరినీ అడగలేదు. నన్ను తీగ నుంచి లాగి గచ్చు మీదికి దొర్లించి, గూటిని కొబ్బరిపీచు తాడుతో అదే తీగకు కట్టింది.

"శాలువా కప్పించుకోండి అమ్మగారూ," అంది, "చల్లగా ఉంటాది." ఆ తర్వాత ఆమె ఆ ఇంట్లో పనికి అడుగు పెట్టలేదు.

సాయంత్రానికి తల్లి తిరిగి వచ్చి, మిగిలిన ఒక్క నోటికి మేత పెట్టింది. స్వరాజ్యలక్ష్మి గారు అది చూస్తూ ఏడ్చింది. బిరుదు తనకు వద్దని, వచ్చింది తేనెపిట్టేనని సంఘానికి రెండు ఉత్తరాలు టైపుచేసి పంపింది. అధ్యక్షులు వాటిని ఆమె నిరాడంబరతకు నిదర్శనాలుగా సభలో చదివించారు.

నేను సంఘం ఆస్తినట. కనుక నన్ను కడిగి, తుడిచి, కార్యాలయంలో అద్దాల బీరువాలో సింహాసనారూఢను చేశారు. కింద ఇత్తడి రేకు: ‘హమ్మింగ్‌బర్డ్‌ను విజయవంతంగా ఆకర్షించిన పాత్ర.’ పక్కనే నిలువెత్తు చట్రంలో ఆ ఫోటో. చూడవచ్చినవారంతా దాని ముందు ఆగి, "ఆహా, రెక్కలాడిస్తూ గాలిలో ఎంత ముచ్చటగా నిలబడిందండీ!" అని మురిసిపోతారు.

అది నిలబడిన చోట, రెప్పపాటు ముందు, దాని ఇల్లు ఉండేది.