పాదాల కిటికీ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని కూడా ఒక మాట అని ఉంటే మా బాబాయి ఇంకాస్త జాగ్రత్తపడేవాడేమో.

నూలు మిల్లుకు పోయే సన్నటి వీధిలో మా తాతయ్య కట్టిన ఇల్లది. కింద ఒక పెద్ద గది, పైన మూడు చిన్నవి. కింది గది రోడ్డు కంటే పల్లంలో ఉంటుంది. దానికి వీధివైపు, బయట నిలబడినవాళ్ళ మోకాలి కంటే కిందుగా ఒక కిటికీ. చూసినవాళ్ళంతా మేస్త్రీ తాగి పెట్టాడనుకుంటారు. పాపం, మేస్త్రీ తప్పేం లేదు. తాతయ్య చెప్పులు కుట్టేవాడు. మిల్లు వదిలాక ఇంటికి పరుగెత్తే ఆడవాళ్ళు లోపలికి వచ్చే తీరిక లేక ఆ కిటికీ గట్టు మీద ఒక పాదం పెట్టేవారు. ఆయన లోపల పీట మీద కూర్చుని, పాదం చుట్టూ సుద్దతో గీత గీసుకునేవాడు. ఊళ్ళో సగం మంది ముఖాలు ఆయనకు తెలియవు, పాదాలు తెలుసు. రోడ్డు మీద ఎవరైనా పలకరిస్తే ముందు కిందికి చూసి, అప్పుడు నవ్వేవాడట.

ఇదంతా నాకు చెప్పింది మా అత్తయ్య, నాన్నకూ బాబాయికీ అక్క. పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా తాతయ్య పక్కన కూర్చుని పనంతా నేర్చుకుంది. ఆయన పోయాక చూపు ఆనినన్నాళ్ళూ దుకాణం తనే నడిపింది. బాబాయికి మాత్రం ఆ కిటికీ పేరెత్తితే తల కొట్టేసినట్టుండేది. ఆయన బ్యాంకులో పెద్ద ఆఫీసరుగా పనిచేశాడు. సంబంధాలు చూసే రోజుల్లో తాతయ్య డాక్టరని చెప్పాడు. పెళ్ళయ్యాక పిన్నికి నిజం తెలిసినా నవ్వి ఊరుకుంది. ఆయనే ఆ అబద్ధాన్ని వదల్లేదు.

"పాదాలు చూశాడుగా, సగం డాక్టరేలే" అనేది అత్తయ్య.

మా నాన్న పోవడంతో ఆయన వాటా నాకొచ్చింది. అత్తయ్యకు మెట్లెక్కే ఓపిక తగ్గి, నా దగ్గరికి వచ్చేస్తానంది. ఇల్లు అమ్మకానికి పెట్టాం. ఆవిడ కోరింది ఒక్కటే. కూలగొట్టేవాడికి వద్దు, కాపురముండేవాళ్ళకి ఇవ్వమంది. కానీ అత్తయ్య నోట్లో నువ్వుగింజ నానదు. మొదట చూడ్డానికి వచ్చినవాళ్ళకు పైకప్పు ఎక్కడ కారుతుందో, వరదనీళ్ళు ఎంతవరకు వచ్చాయో, తాతయ్య ఎక్కడ కూర్చుని తోలు కోసేవాడో అన్నీ చూపించింది. వాళ్ళు మళ్ళీ రాలేదు. దాంతో బాబాయి ఆవిడ చేత మాట తీసుకున్నాడు.

"అక్కా, నా పరువు నీ చేతిలో ఉంది. నాన్న సంగతి ఎవరి దగ్గరా ఎత్తకు."

ఎవరైనా చూడ్డానికి వచ్చినప్పుడల్లా అత్తయ్యను ఎదురుగా ఉన్న టీకొట్టుకు తీసుకెళ్ళి కూర్చోబెట్టడం నా వంతు. బిల్డరు ఒకాయన అడ్వాన్సు పట్టుకుని తయారుగా ఉన్నాడు. ఆ ఆదివారం వచ్చే భార్యాభర్తలు కాదంటే సాయంత్రం ఇల్లు ఆయనకే.

వాళ్ళు లోపల చాలాసేపే ఉన్నారు. బయటికొచ్చి, ముఖాలు వేలాడేసుకుని, అదే టీకొట్టుకు వచ్చి మా పక్క బల్ల మీద కూర్చున్నారు.

"మీరు ఈ వీధివాళ్ళేనా అమ్మా?" అని ఆ అమ్మాయి అత్తయ్యను అడిగింది.

"పుట్టింది ఇక్కడే."

"ఇక్కడ చెప్పులు కుట్టే ఆయన ఇల్లొకటి ఉండేదట, మీకేమైనా తెలుసా? మా అమ్మమ్మ మిల్లులో చేసేది. తనకి ఒక కాలు పొట్టి. కిటికీలో కాలు పెడితే కొలత తీసుకునేవాడని చెప్పేది. ఎదురింటికి అలాంటి కిటికీ ఉంది, అదే అనుకుని సంబరపడ్డాం. అడిగితే కాదన్నారు. వాళ్ళ నాన్నగారు డాక్టరట."

"ఆ ఇల్లే అయితే కళ్ళు మూసుకుని కొనేసేవాళ్ళం. కానిదానికి ఈ మరమ్మతులన్నీ ఎవరు చేయించుకుంటారు?" అన్నాడు భర్త.

అత్తయ్య గ్లాసు బల్ల మీద పెట్టేసింది. రోడ్డుకు అటువైపు గేటు దగ్గర బాబాయి నిలబడి మావైపే చూస్తున్నాడు.

"ఏ కాలమ్మా?" అంది అత్తయ్య.

"ఎడమది."

"ఆ చెప్పులు నొప్పి పెట్టేవా?"

"లేదట. అవేసుకున్నప్పుడే నేను అందరిలా నడిచాను అనేది."

అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. ఇంక నావల్ల కాలేదు, నోరు తెరిచాను. ఆవిడ బల్ల కింద నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇంటాయన చెప్పాడుగా తల్లీ. సొంతింటి సంగతి ఆయనకి తెలీదా" అంది.

వాళ్ళు డబ్బులిచ్చి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అత్తయ్యతో రోడ్డు దాటి, ఉన్నదున్నట్టు బాబాయికి చెప్పేశాను. ఆయన గుమ్మం మీదే కూలబడ్డాడు.

"మరి చెప్పొచ్చుగా అక్కా? ఊరందరికీ చెప్పేదానివి, ఇవాళే నోరు పడిపోయిందా?"

"చెప్పి? నిన్ను వాళ్ళ ముందు అబద్ధాలకోరుని చెయ్యనా? నా వేలు పట్టుకుని నడక నేర్చుకున్నావురా నువ్వు." అత్తయ్య ఆయన పక్కనే గుమ్మం మీద కూర్చుంది. "నీ దగ్గర నంబరుంది కదా. నువ్వే చెప్పు. మా నాన్న చెప్పులు కుట్టేవాడండీ అను, చాలు. వాళ్ళు నవ్వరు. వాళ్ళు వెతుక్కుంటూ వచ్చింది ఆయన్నే."

బాబాయి ఫోను తీశాడు. పిన్ని వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. అవతల ఆ అమ్మాయి హలో అనడం మా అందరికీ వినిపించింది.

"నేనండీ, ఇందాక ఇల్లు చూపించాను. మా నాన్న..." అని ఆగిపోయాడు. "అహ, ఏం లేదండీ. మీరేమైనా మరిచిపోయి వెళ్ళారేమోనని."

ఏమీ మరిచిపోలేదంది ఆ అమ్మాయి. ఆయన థాంక్సండీ అని పెట్టేశాడు. మా ఎవరి ముఖమూ చూడలేదు.

సాయంత్రం బిల్డరు వచ్చాడు. ఇంట్లోకి రానైనా రాలేదు, బయటినుంచే స్థలం కొలుచుకుని అడ్వాన్సు ఇచ్చాడు. అత్తయ్య కిక్కురుమనకుండా సంతకం పెట్టింది. ఆవిడ నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాబాయికీ నాకూ కూడా కాస్త తేలికయ్యేది.

నాతో ఆటోలో వస్తూ సగం దారిలో అంది.

"ఇల్లు పోతే పోయిందిలేవే. పిల్లలం ఇద్దరం బతికుండి, మా నాన్న ఫలానా అని ఒక్కరం చెప్పలేకపోయాం. వాడు సిగ్గుతో, నేను వాడి మీద ప్రేమతో. ఏదైతేనేం, నాన్నకి జరిగింది ఒకటే."